దెయ్యం సినిమా పెట్టే ముందు పెరటి లైటు చూసుకోండి

2024లో మన దీపావళి, అమెరికావాళ్ల హాలోవీన్ ఒకే తేదీన పడ్డాయి, అక్టోబరు 31న. మర్నాడు మా పల్నాడు గురజాలలో తెల్లవారుతుండగా డాలస్ నుంచి మనవడు వీడియో కాల్ చేశాడు. వాళ్లకింకా 31 సాయంత్రమే. మొహమంతా తెల్ల రంగు, నోటి పక్కన ఎర్ర చార, చేతిలో చాక్లెట్ల బుట్ట. "నాయనమ్మా, నన్ను చూసి భయపడు" అన్నాడు. భయపడ్డాను. ఫోను పట్టుకుని వాకిట్లోకి వస్తే, ఎదురింటివాళ్లు కడుతున్న డాబాకి వేలాడదీసిన దిష్టిబొమ్మ వాడి కంట పడింది. గుడ్లు మిటకరించి, మీసం మెలేసి, నాలుక బయటపెట్టి ఉందది. పక్కింటి గుమ్మానికి బూడిద గుమ్మడికాయ. "మీ ఊళ్లో కూడా హాలోవీనేనా?" అని అడిగాడు. ఏడాది పొడుగునా అదే నాయనా అన్నాను.

అక్కడ హాలోవీన్ వారమంటే దెయ్యం సినిమాల వారం. మా ఇంట్లో ఆ అలవాటు అంతకన్నా పాతది. దసరా సెలవులకో దీపావళికో మనవలూ మేనకోడళ్లూ చేరితే, ఒక రాత్రి హాల్లో చాపలు పరిచి అందరం కలిసి భయపడతాం. ఏ సినిమా పెట్టాలన్న దాని మీద ఏటా పేచీయే. తప్పు సినిమాలు పెట్టి, జాగారాలు చేసి నేర్చుకున్న చిట్కాలివి.

1. సినిమా కన్నా ముందు ఇల్లు చూడండి.

మా పల్నాడు పాత ఇళ్లల్లో స్నానాల గది, మరుగుదొడ్డి పెరట్లోనే ఉంటాయి. సినిమా అయ్యాక ఆ చీకట్లోకి ఒంటరిగా వెళ్లాల్సింది ఎవరు? ఆ మనిషికి సరిపోయే సినిమా పెట్టాలి. "నాకేం భయం లేదు" అని రిమోట్ లాక్కునే కుర్రాడికి సరిపోయేది కాదు. ఇది తెలియక ఒకసారి 'మసూద' (2022) పెట్టాను. అందులో పెద్ద హీరో ఎవరూ లేరు. సంగీత ఒక్కతే కూతుర్ని పెంచుకుంటున్న తల్లి. తోడొచ్చేది తిరువీర్ వేసిన పక్కింటి కుర్రాడు, వాడే పెద్ద పిరికివాడు. కాపాడేవాడికే కాళ్లు వణుకుతుంటే చూసేవాళ్లకి ధైర్యం ఎక్కడిది? ఆ రాత్రి పెరట్లోకి తోడు రమ్మని మా చిన్నకోడలు నన్ను రెండుసార్లు లేపింది. మూడోసారి నేనే ఆమెని లేపాను. తీరా చూస్తే పెరటి బల్బు మాడిపోయి ఉంది. అందుకే సినిమా ఎంచుకునే పని సాయంత్రం పెరటి స్విచ్ దగ్గర మొదలుపెట్టమంటాను.

2. పోస్టరు మీద బొమ్మ కాదు, మూల ఉన్న అక్షరం చదవండి.

సెన్సారు వాళ్లిచ్చే 'యు', 'యూఏ', 'ఏ' గుర్తులు మనం పట్టించుకోం. 2024లో వచ్చిన కొత్త నిబంధనలతో 'యూఏ'ని మూడు ముక్కలు చేశారు: ఏడేళ్లు దాటినవాళ్లకి ఒకటి, పదమూడు దాటినవాళ్లకి ఒకటి, పదహారు దాటినవాళ్లకి ఒకటి. ఓటీటీల్లో ఈ లెక్క 2021 నుంచే ఉంది. 'విరూపాక్ష' (2023), 'మంగళవారం' (2023) రెండూ 'ఏ' సినిమాలు. "ఊరి కథే కదా, పిల్లలు కూడా చూస్తారులే" అనుకుంటే దెబ్బతింటారు.

ఇక్కడో కిటుకు. 'ఏ' సినిమాని ఉన్నదున్నట్టుగా టీవీ చానల్లో వేయకూడదు. కత్తిరించి, మళ్లీ సెన్సారు చేయించుకుని వేయాలి. పైగా పావుగంటకోసారి సబ్బులు, నగల దుకాణాల ప్రకటనలు. దెయ్యం తలుపు తట్టేసరికి డిటర్జెంటు పౌడరు వస్తుంది. సినిమా ప్రియులు తిట్టుకుంటారు గానీ, భయస్తులున్న ఇంటికి ఇంతకు మించిన వరం లేదు.

3. పదేళ్లలోపు పిల్లలకి మొదటి దెయ్యాన్ని విఠలాచార్య చేత పరిచయం చేయించండి.

బి. విఠలాచార్య 'జగన్మోహిని' (1978) ఇప్పటికీ పనిచేస్తుంది. జయమాలిని మోహిని, నరసింహరాజు హీరో. విఠలాచార్య దెయ్యాలు మన ఇంటి ఆడవాళ్లలాగే ఎప్పుడూ ఏదో ఒక పనిలో ఉంటాయి. కట్టెలు లేకపోతే కాళ్లు పొయ్యిలో పెట్టి వంట చేసేస్తాయి. ఎముకల గూళ్లు ఎగురుతుంటే వెనకాల దారం కనపడుతుంది. మా ఆరేళ్ల మనవరాలు ఆ దారం పట్టుకున్న మనిషి ఎక్కడున్నాడో వెతకడంలో పడి భయపడటం మరిచిపోయింది. భయాన్ని ఎవరో తయారుచేస్తారని పిల్లలకి ముందే తెలిస్తే, తర్వాత ఏ సినిమా చూసినా తట్టుకుంటారు.

4. నవ్వించే దెయ్యం కావాలంటే 'ఆనందో బ్రహ్మ' (2017).

మహి వి. రాఘవ్ మామూలు దెయ్యం కథని తిరగేసి చెప్పాడు. ఇంట్లో ఉన్న దెయ్యాలే మనుషులకి భయపడతాయి. వెన్నెల కిశోర్, శ్రీనివాసరెడ్డి, తాగుబోతు రమేశ్, షకలక శంకర్ ఆ ఇంట్లో దిగాక దెయ్యాల పాట్లు చూడాలి. ఇంట్లో మరీ పిరికివాళ్లుంటే నేను పెట్టేది ఇదే.

'ప్రేమకథా చిత్రమ్' (2013) ఆడాక మూడు నాలుగేళ్లు తెలుగులో ప్రతి దెయ్యమూ హాస్యనటుల చెంప పగలగొట్టడానికే పుట్టింది. 'గీతాంజలి' (2014), 'రాజు గారి గది' (2015) వరకు బాగానే ఉంది. ఆ తర్వాతవి వరసగా రెండు చూస్తే మూడోదాని కథ మా వంటమనిషి కూడా చెప్పేస్తుంది. ఒక రాత్రికి ఒకటే పెట్టండి.

5. 'అరుంధతి'ని తక్కువ అంచనా వేయకండి.

2009 సంక్రాంతికి వచ్చిన ఈ సినిమా టీవీలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. అందువల్ల ఇది ఇంటిల్లిపాదీ చూసే సినిమా అని ఒక అపోహ పడిపోయింది. జేజమ్మగా అనుష్క వరకు నిజమే. కానీ సోనూ సూద్ వేసిన పశుపతి ఆడవాళ్ల మీద చేసే అఘాయిత్యాలు, సమాధిలోంచి వచ్చే ఆ గొంతు చిన్నపిల్లలకి పనికిరావు. ఆ గొంతు సోనూ సూద్‌ది కాదు, డబ్బింగు చెప్పింది రవిశంకర్. టీవీ కట్టేశాక కూడా చెవిలో మోగేది ఆయనే.

సినిమాలో గద్వాల కోటగా చూపించిన బంగళా నంద్యాల జిల్లా బనగానపల్లెలో ఉంది. నవాబుల కాలం నాటిది. ఇప్పుడు దాన్ని అరుంధతి బంగళా అనే పిలుస్తారు. సెలవుల్లో అటు వెళితే పట్టపగలు ఒకసారి చూపించండి. ఎండలో నిలబడి చూస్తే ఏ భూతం బంగళా అయినా పాత మేడే.

ఇంట్లో దెయ్యాల మాటే గిట్టని పెద్దవాళ్లుంటే అదే దర్శకుడు కోడి రామకృష్ణ, అదే నిర్మాత శ్యాంప్రసాద్ రెడ్డి తీసిన 'అమ్మోరు' (1995) పెట్టండి. రామిరెడ్డి మాంత్రికుడు వణికించినా, చివర్లో రమ్యకృష్ణ వచ్చి అంతా చూసుకుంటుంది. మా అత్తగారు బతికున్నంతకాలం సినిమా మధ్యలో లేచి టీవీకే దణ్ణం పెట్టేది.

6. దెయ్యం కనపడకుండా భయపెట్టే సినిమా పెద్దవాళ్లకి.

రాంగోపాల్ వర్మ 'రాత్రి' (1992) ఇప్పుడు చూసినా వీపు మీద చల్లటి చెయ్యి పెట్టినట్టుంటుంది. కొత్తగా దిగిన ఇల్లు, చచ్చిపోయిన పిల్లి, రేవతి కళ్లు. అంతే సరంజామా. కెమెరా మెట్ల మీదుగా పాకుతూ వస్తుంటే ఆ వచ్చేది ఎవరో మనకి చూపించడు. అదే ఏడాది హిందీలో 'రాత్'గా వచ్చింది. నాలుగేళ్ల తర్వాత జె.డి. చక్రవర్తి, మహేశ్వరి, జయసుధలతో 'దెయ్యం' (1996) తీశాడు. రెండూ చూసినదాన్ని, 'రాత్రి'దే పైచెయ్యి అంటాను.

ఇల్లు మారిన నెలలో మాత్రం 'రాత్రి' పెట్టకండి. మా మేనకోడలు నరసరావుపేటలో ఇల్లు మారిన వారానికే చూసి, తర్వాత పదిరోజులు పుట్టింట్లో ఉంది.

7. సౌండు తగ్గిస్తే సగం దెయ్యం పోతుంది.

ఇది అనుభవం మీద చెబుతున్నాను. ఈ సినిమాల్లో మాటలు గుసగుసల్లా ఉంటాయి. వినపడటం లేదని మీరు సౌండు పెంచుతారు. ఆ పెంచిన క్షణంలోనే తలుపు ధడాలున పడుతుంది. తీసేవాళ్లు మన వేలు రిమోట్ మీద ఎక్కడుంటుందో తెలిసే తీస్తారు. కొత్త టీవీల సెట్టింగుల్లో రాత్రిపూట వాడే సౌండు మోడు ఒకటి ఉంటుంది, మాటల్నీ మోతల్నీ కొంచెం సమం చేస్తుంది. అది లేకపోతే ఇంగ్లీషు అక్షరాలు కింద పెట్టుకుని సౌండు తక్కువలోనే ఉంచండి. నిద్రపోతున్న ముసలివాళ్లూ చంటిపిల్లలూ ఉన్న ఇంట్లో ఇది తప్పనిసరి. గుండె జబ్బు ఉన్నవాళ్లని అసలు కూర్చోబెట్టకండి.

8. దెయ్యమే లేని దెయ్యం సినిమా ఒకటి మీ జాబితాలో ఉండాలి.

'చంద్రముఖి' (2005) మనందరికీ రజనీకాంత్ సినిమా. దాని వేరు మలయాళంలో ఫాజిల్ తీసిన 'మణిచిత్రతాళు' (1993). శోభనకి జాతీయ అవార్డు తెచ్చిందది. ఆ కథలో దెయ్యం లేదు. మనసుకి జబ్బు చేసిన ఒక ఇల్లాలు ఉంది, ఆమెకి నయం చేసిన ఒక డాక్టరు ఉన్నాడు. తమాషా ఏమిటంటే, మలయాళంలో ఆ ఇల్లాలు తనే అనుకునే పాతకాలపు నర్తకి తంజావూరు నుంచి వచ్చింది కాబట్టి తమిళం మాట్లాడుతుంది. తమిళంలోకి వచ్చేసరికి విజయనగర నర్తకై తెలుగు మాట్లాడింది. ఎవరికైనా పక్క రాష్ట్రం భాషలో మాట్లాడితేనే దెయ్యం కాబోలు.

9. పైది చూశాక పిల్లలతో ఒక మాట చెప్పండి.

మా వైపు పల్లెల్లో ఇప్పటికీ "గాలి సోకింది" అని వేపమండలతో కొట్టించేవాళ్లున్నారు. సినిమాలో మాంత్రికుడు రాగానే జుట్టు విరబోసుకున్న పిల్లకి నయమవుతుంది. నిజంగా నిద్రపట్టక, తనలో తాను మాట్లాడుకునే పిల్లకి కావలసింది మానసిక వైద్యుడు. నా చిన్నప్పుడు మా వీధిలో ఒక కొత్త కోడలు అలాగే ఏడాదిపాటు తాయెత్తులు కట్టించుకుంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్లాక మందులతో మూడు నెలల్లో కుదుటపడింది. ఆమె ఇప్పుడు ముగ్గురు మనవల నాయనమ్మ. దెయ్యం సినిమా రాత్రి ఈ కథ కూడా చెబుతాను.

10. చేతబడి సినిమాలు ఎంచుకునేటప్పుడు కొంచెం ఆగండి.

'విరూపాక్ష'లో రుద్రవనం అనే ఊరు. ఊళ్లో పిల్లలు చనిపోతున్నారని, చేతబడి చేశారన్న అనుమానంతో ఒక జంటని కట్టేసి తగలబెట్టడంతో కథ మొదలవుతుంది. కార్తీక్ దండు దర్శకత్వం, సుకుమార్ స్క్రీన్‌ప్లే, అజనీశ్ లోక్‌నాథ్ సంగీతం. ఊరిని అష్టదిగ్బంధనం చేశాక పొలిమేర దాటలేని జనం భయం మనకి అంటుకుంటుంది. 'మా ఊరి పొలిమేర' (2021), దాని రెండో భాగం (2023) కూడా ఈ కోవలోవే. డాక్టర్ అనిల్ విశ్వనాథ్ తీశాడు, సత్యం రాజేష్ ఇలా కూడా చేయగలడా అనిపించాడు.

సినిమాలుగా బాగున్నాయి. కానీ చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టడం, చంపడం తెలుగు నేల మీద నిజంగా జరిగిన పనులు, ఇప్పటికీ పేపర్లో అడపాదడపా చదువుతూనే ఉన్నాం. అలా బలైనవాళ్లు ఎక్కువగా దిక్కులేని ముసలివాళ్లు, ఒంటరి ఆడవాళ్లు. పల్లెల్లో పెరిగి వయసొచ్చిన పిల్లలకి 'విరూపాక్ష' చూపిస్తే, మొదట తగలబడిన ఆ జంట దగ్గర ఒకసారి ఆపి, ఊరు చేసింది తప్పా ఒప్పా అని అడగండి. జన విజ్ఞాన వేదిక వాళ్లు ఊళ్లల్లో నిప్పుల మీద నడవడం, నిమ్మకాయలోంచి రక్తం కార్చడం లాంటివి చేసి చూపించి గుట్టు విప్పుతుంటారు. మీ ఊరు వస్తే ఆ ప్రదర్శనకి కూడా తీసుకెళ్లండి. సినిమా కన్నా పిల్లలకి అదే ఎక్కువ గుర్తుంటుంది.

11. మావగారి పక్కన కూర్చుని చూడలేనివి కొన్ని ఉంటాయి.

రవిబాబు 'అవును' (2012) తెలివైన సినిమా. దెయ్యం చాలావరకు కనపడదు, పూర్ణ ఒక్కతే కనపడని చేతులతో పెనుగులాడుతుంది. కానీ ఆ దెయ్యానిది పాడుబుద్ధి. సిద్ధార్థ్ 'గృహం' (2017) మొదటి అరగంట కొత్త దంపతుల ముచ్చట్లే, ముద్దులతో సహా. ఇవి భార్యాభర్తలు ఇద్దరే చూసుకోవడం మేలు. ఈ సంగతి ముందే తెలుసుకోకుండా పెడితే, రిమోట్ కోసం నలుగురు ఒకేసారి లేచే దృశ్యం తెర మీద ఉన్నదానికన్నా భయంకరంగా ఉంటుంది.

12. పేరు చూసి మోసపోకండి.

ఒకే సినిమాకి మూడు పేర్లుంటాయి. 'గృహం' తమిళంలో 'అవళ్', హిందీలో 'ది హౌస్ నెక్స్ట్ డోర్'. తమిళ 'కాంచన 2' మన దగ్గర 'గంగ' (2015). యూట్యూబులో ఇంకో చిక్కు: ఎప్పటిదో డబ్బింగు సినిమాకి కొత్త బొమ్మ అంటించి పెడతారు. బొమ్మలో ఉన్న దెయ్యం సినిమాలో ఉండదు. మొదటి ఐదు నిమిషాలు మధ్యాహ్నమే ఒకసారి చూసి పెట్టుకోండి. ఓటీటీలో ఈ నెల ఒకచోట ఉన్న సినిమా వచ్చే నెలకి ఇల్లు మారుతుంది, అది కూడా ఆ మధ్యాహ్నమే వెతకండి. రాత్రి పదిమంది చాపల మీద కూర్చున్నాక వెతకడం మొదలుపెడితే పిల్లలు నిద్రపోతారు, పెద్దలు పోట్లాడుకుంటారు.

13. వరస తప్పకండి. 'పొలిమేర' మొదటిది చూడకుండా రెండోది పెడితే ఒక్క ముక్క అర్థంకాదు. 'అవును', దాని రెండో భాగం కూడా అంతే. 'కాంచన' మాత్రం 'ముని' చూడకపోయినా నడిచిపోతుంది.

14. ఏడింటికి మొదలుపెట్టండి.

అక్టోబరు ఆఖరంటే మాకు పత్తి తీతలు. పొద్దున్నే పొలం వెళ్లాల్సినవాళ్లని పన్నెండింటి దాకా కూర్చోబెట్టడం పాపం. 'మసూద' లాంటివి రెండున్నర గంటలు దాటుతాయి. ఏడింటికి మొదలైతే పదింటికి అయిపోతుంది, ఇంకా వీధిలో మనుషుల అలికిడి ఉంటుంది, కుక్కలు మామూలుగానే మొరుగుతుంటాయి. అర్ధరాత్రి అయిపోయిన సినిమా తర్వాత అదే కుక్క మొరిగితే ఎవర్ని చూసి మొరుగుతోందో అని చెవులు రిక్కించాలి.

వాన పట్టిన రోజైతే కరెంటు సంగతి చూసుకోండి. ఒకసారి 'అరుంధతి'లో సమాధి పగిలే వేళకి కరెంటు పోయింది. కటిక చీకటి. ఆ చీకట్లో వంటింట్లోంచి గజ్జెల చప్పుడు. పదిమందిమి ఒకరిమీద ఒకరం పడ్డాం. తీరా చూస్తే మా చిన్నమ్మాయి పాప పట్టీలు పెట్టుకుని మంచినీళ్లకి వెళ్లింది. ఇన్వర్టర్ లేకపోతే అగ్గిపెట్టె, టార్చి ఒడిలో పెట్టుకుని కూర్చోండి. పట్టీలు తీయించండి.

15. తినడానికి బొరుగులు, వేయించిన వేరుశనగలు. వేడి టీ గ్లాసులు వద్దు. ఉలిక్కిపడితే ఎవరి ఒడిలో పోస్తారో తెలియదు.

16. ఇంగ్లీషు సినిమాలు అడిగే వయసు పిల్లలుంటే పాతవాటితో మొదలుపెట్టండి.

జాన్ కార్పెంటర్ 'హాలోవీన్' (1978) పేరులోనే పండుగ ఉంది. చాలా తక్కువ డబ్బుతో తీశారు. హంతకుడు పెట్టుకున్న ఆ తెల్ల ముసుగు 'స్టార్ ట్రెక్' కెప్టెన్ కర్క్ మొహంతో బజారులో అమ్మే ముసుగే, తెల్ల రంగు పూసి వాడేశారు. సంగీతం కూడా కార్పెంటరే కట్టుకున్నాడు. కాలేజీ పిల్లలకి సరే. 'ఎగ్జార్సిస్ట్' (1973), 'కంజూరింగ్' (2013) పదహారు దాటాకే. హిచ్‌కాక్ 'సైకో' (1960) స్నానాల గది సన్నివేశంలో నల్లగా కారే రక్తం నిజానికి చాక్లెట్ సిరప్. ఈ సంగతి ముందే చెబితే మా మనవడు చూడనన్నాడు. "చాక్లెట్‌ని వృథా చేశారా?" అని వాడి బాధ.

17. నాలుగైదేళ్ల పిల్లలకి 'కోకో' (2017).

పిక్సార్ బొమ్మల సినిమా. మెక్సికోలో నవంబరు మొదట్లో చనిపోయినవాళ్ల పండుగ చేస్తారు, ఇంట్లో ఫొటోలు పెట్టి, పూలు పరిచి, వాళ్లకిష్టమైనవి వండి పెడతారు. ఆ సినిమాలో ఎముకల గూళ్లన్నీ తాతముత్తాతలే, ఎవర్ని చూసినా భయం పుట్టదు. ఇది చూపిస్తే మన పిల్లలకి ఇక్కడి పండుగల సంగతి చెప్పడం తేలిక. మా పక్క రెంటచింతల వైపు కథోలికులు నవంబరు 2న సమాధుల పండుగ చేస్తారు. సమాధులు కడిగి, సున్నం కొట్టి, పూలు వేసి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగిస్తారు. హాలోవీన్ పుట్టింది కూడా ఈ పండుగల ముందు రాత్రిగానే. మనవాళ్లు మహాలయ పక్షంలో పెద్దలకి బియ్యం ఇచ్చుకునేది కూడా కొద్ది వారాల ముందే. పోయినవాళ్లని తలుచుకునే కాలం ఎక్కడైనా దాదాపు ఇదే.

18. పందేలు వద్దు, దాక్కోవడాలు వద్దు.

"చూడలేకపోతే పిరికిదానివి" అని పిల్లల్ని కూర్చోబెట్టకండి. లేచి వెళ్లిపోయినవాళ్లని గేలి చేయకండి. సినిమా మధ్యలో తలుపు చాటు నుంచి అరిచే బాబాయి ప్రతి ఇంట్లో ఒకడుంటాడు, ఆయన్ని ముందే వేరే పని మీద బజారుకి పంపండి. జడుసుకున్న పిల్లకి రాత్రి జ్వరం తగిలితే ఆదుకోవాల్సింది తల్లి, బాబాయి కాదు.

19. అయిపోగానే దీపాలార్పి పడుకోబెట్టకండి.

పావుగంట పాటు లైట్లన్నీ వేసి ఏదైనా పిచ్చి హాస్య సన్నివేశం పెట్టండి. ఏ దృశ్యంలో ఎవరు ఎవరి చెయ్యి గిల్లారో చెప్పుకోనివ్వండి. మా అత్తగారు మాత్రం ఎండుమిరపకాయలు, ఉప్పు తిప్పి పొయ్యిలో వేసేది. ఘాటు రాకపోతే దిష్టి తగిలిందని, వస్తే లేదని. పల్నాడు మిరపకాయ ఘాటు రాకపోవడం నేనెప్పుడూ చూడలేదు. దిష్టి సంగతి నాకు తెలియదు గానీ, అందరూ దగ్గుతూ తుమ్ముతూ నవ్వేవాళ్లు, ఆ నవ్వుతో నిద్రపోయేవాళ్లు. ఆ పని నేనూ మానలేదు. మంచం కింద చీపురు పెట్టమని పిల్ల అడిగితే పెట్టండి, వాదించకండి.

20. చివరగా, మా ఊరి కథ.

గురజాల ఒకప్పుడు నలగామరాజు రాజధాని. కోడిపందెంలో మొదలై కారెంపూడిలో నాగులేటి ఒడ్డున ముగిసిన పల్నాటి యుద్ధంలో మాచర్ల, గురజాల రెండు వైపులా వీరులు పోయారు. దాని మీద తెలుగులో రెండు 'పల్నాటి యుద్ధం' సినిమాలొచ్చాయి. 1947 నాటిది గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టి కన్నుమూస్తే ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేశాడు. అందులో కన్నాంబ నాగమ్మ, అక్కినేని బాలచంద్రుడు. 1966 నాటి దాంట్లో నాగమ్మ భానుమతి, బ్రహ్మనాయుడు ఎన్టీఆర్. హాలోవీన్ రాత్రికి ఇవి పెట్టమంటే పిల్లలు మొహం చిట్లిస్తారు, దెయ్యం లేదని.

కానీ చనిపోయినవాళ్లు తిరిగొచ్చే రాత్రులంటే మాకు అవే. కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు కారెంపూడిలో వీరుల ఉత్సవాలు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఊరూరి నుంచి వీరాచారవంతులు తమ వీరుల ఆయుధాలని కొణతాలుగా మోసుకుని వీరుల గుడికి వస్తారు. కొందరికి పూనకాలు వస్తాయి. డప్పుల మోతలో కత్తులు పట్టుకుని ఊగుతున్న మనుషుల మధ్య నిలబడితే ఒళ్లు జలదరిస్తుంది. అయినా అక్కడ ఎవరూ ఎవర్నీ చూసి పారిపోరు. బ్రహ్మనాయుడు కులాలన్నిటినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి పెట్టిన చాపకూడు ఇప్పటికీ పెడతారు. ఎనిమిది వందల ఏళ్ల కింద పోయినవాళ్ల పేరున అన్నం తిని వస్తాం.

హాలోవీన్ వెళ్లిన కొన్ని వారాలకి వస్తుంది కార్తీక అమావాస్య. టీవీలో భయపడ్డ పిల్లల్ని అక్కడికి తీసుకురండి. గురజాల నుంచి బస్సులున్నాయి. రాత్రి తిరిగొచ్చేటప్పటికి పెరట్లో చీకటిగానే ఉంటుంది కాబట్టి, బయల్దేరే ముందే ఆ లైటు వేసి రండి.